పొద్దుగూకినా లేవని కొలువు

సలహాల కొలువులో రాయసగాడిగా చేరిన నాడు కొమరన్న మొలలో నాలుగు వరహాలున్నాయి. మూడేళ్ళు తిరిగేసరికి అవి అయిదయ్యాయి. సొంతంగా ఒక చిన్న సలహాల అంగడి పెట్టుకోవాలంటే ముప్పై కావాలి, అందులో గది అద్దెకే ఇరవై అయిదు. ఈ లెక్కన ఇంకా డెబ్బై అయిదేళ్ళు పడుతుందని వేళ్ళు మడవకుండానే తేల్చేశాడు.

నీలగుండం రాజ్యంలో ఆ కొలువంటే ఆషామాషీ కాదు. సామంతులూ షావుకార్లూ తమ చిక్కులన్నీ అక్కడికే పట్టుకొచ్చేవారు. తాటాకుల మీద రాయడానికి అరవై మంది రాయసగాళ్ళు, వాళ్ళ మీద ఏడుగురు పెద్దలు, అందరి మీదా పేరిశాస్త్రి. సలహా ఎంత చిన్నదైనా వంద ఆకులకు తగ్గకూడదని ఆయన కట్టడి.

మొన్నామధ్య ఒక మిరియాల షావుకారు, "సరుకు చెమ్మెక్కుతోంది, ఏం చెయ్యను?" అని అడిగాడు. "బస్తాల కింద బల్లలు వేయండి" అని కొమరన్న ఒక్క ఆకు మీద రాసిచ్చాడు. పెద్దలు దాన్ని వంద ఆకులు చేయించారు. మొదటి పెద్ద బల్లలు కొట్టేసి పీటలు అన్నాడు. రెండో ఆయన పీటలు కొట్టేసి అరుగు అన్నాడు. అలా చేతులు మారి మారి, ఏడో ఆయన మళ్ళీ బల్లలే పెట్టించాడు. మారిన ప్రతిసారీ కట్టంతా తిరగరాయాలి. సలహా చేరేసరికి మిరియాల మీద జానెడు బూజు.

ఆ ఒక్క ఏడాదిలోనే ఒప్పందం తీరగానే ఇరవై ఇద్దరు కొలువు మానేశారు, వాళ్ళ చోట కొత్తవాళ్ళను కూర్చోబెట్టారు. సంగతి రాజుగారి చెవిన పడింది. ప్రోలభూపతి మహారాజుకు ఏదైనా తోచిందంటే ఇక ఆగరు. "అంత పేరున్న కొలువును జనం ఎందుకు వదిలిపోతున్నారో నేనే చూస్తాను" అంటూ ఒక సాయంత్రం కొలువు వాకిట్లో పల్లకీ దిగారు.

పేరిశాస్త్రి ఎదురొచ్చి పెద్దపీట వేయించాడు. "పోయినవాళ్ళు పనిదొంగలు మహాప్రభూ. ఉన్నవాళ్ళను చూడండి. పొద్దుగూకింది, ఒక్కడైనా లేచాడా? పొమ్మన్నా పోరు. నా దగ్గర పనంటే వాళ్ళకు అంత ప్రాణం."

రాజుగారు చావడంతా కలయజూశారు. నిజమే. ఎక్కడి తల అక్కడే వంగి ఉంది, గంటాలు కరకరమంటున్నాయి.

"మరి ఇదేమిటి?" అంటూ ఆయన ఒక తాటాకు తీశారు. తనను ఈ కొలువు నుంచి విడిపించమని కొమరన్న పంపుకున్న విన్నపం అది.

"వాడా," అని శాస్త్రి నవ్వాడు. "ఒప్పందం ప్రకారం ఇంకా మూడేళ్ళు ఉండాలి. లెక్కలెక్కువ, ఓపిక తక్కువ."

రాజుగారు కొమరన్నను పిలిపించారు. "ఏమయ్యా, అందరూ సుఖంగా ఉంటే నీకేం వచ్చింది?"

కొమరన్న చేతులు కట్టుకున్నాడు.

"సుఖమో కాదో వాళ్ళ కాళ్ళు చెబుతాయి మహారాజా."

"అంటే?"

"నేను వీళ్ళలో ఎవరితోనూ మాట్లాడను. ఎవరినీ తాకను. కన్నయినా గీటను. తమరు ఒక తాంబూలం నమిలేలోగా ఈ చావడి ఖాళీ కావాలి."

"కాకపోతే?" అన్నాడు శాస్త్రి.

"మూడేళ్ళు కాదు, ఆరేళ్ళుంటాను. జీతం లేకుండా."

"మహాప్రభువులే సాక్షి," అన్నాడు శాస్త్రి చేతులు రుద్దుకుంటూ.

"ఖాళీ అయితే నీకు విడుదల, ఆ పైన బహుమానం," అని రాజుగారు తాంబూలం నోట్లో వేసుకున్నారు.

కొమరన్న కదల్లేదు. రాజుగారి దవడ ఆడుతోంది. తాంబూలం సగమైంది. శాస్త్రి కూనిరాగం అందుకున్నాడు. అప్పుడు కొమరన్న తీరిగ్గా అన్నాడు:

"మహారాజా, ఆ చిలక్కొయ్య మీది శాలువా చూశారా? మరకతపురి రాజుగారు శాస్త్రిగారికి కప్పింది. అలాంటి జరీ మన కోశంలో కూడా లేదని చెప్పుకుంటారు."

"మా కోశంలో లేదా?" రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి. "ఏదీ, కప్పుకోండి శాస్త్రిగారూ, చూద్దాం."

శాస్త్రి ముఖం చాటంత అయింది. శాలువా తీసి ఒక్క దులుపు దులిపి భుజాన వేసుకున్నాడు.

గంటాల చప్పుడు ఆగిపోయింది. ముందు ఏడుగురు పెద్దలు లేచారు. వాళ్ళ వెనక యాభై తొమ్మిది మంది. గుమ్మం చాలక ఇద్దరు కిటికీలోంచి దూకారు. శాస్త్రి రెండో అంచు చూపిద్దామని ఇటు తిరిగేసరికి చావడిలో ఎవరూ లేరు.

రాజుగారి బుగ్గలో తాంబూలం ఇంకా మిగిలే ఉంది. "ఏం జరిగిందయ్యా?"

"ఇక్కడ పెద్దల కంటే ముందు మేం లేవకూడదు, శాస్త్రిగారి కంటే ముందు పెద్దలు లేవకూడదు. శాస్త్రిగారు ఇంటికి బయల్దేరారని మాకు తెలిసేది ఆ శాలువా దిగినప్పుడే," అన్నాడు కొమరన్న.

"మా అందరి ప్రాణం ఆ చిలక్కొయ్యకు వేలాడుతోంది మహారాజా."

రాజుగారికి నవ్వుతో పొలమారింది. భటులు గోడవైపు తిరిగి నవ్వుకున్నారు. శాలువా తీయాలో ఉంచుకోవాలో తెలియక శాస్త్రి అలాగే నిలబడిపోయాడు.

"నీకు విడుదల," అన్నారు రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ. "కోట వాకిలి పక్క గది కూడా నీదే. అద్దె లేదు. అంగడి ఎప్పుడు తెరుస్తావు?"

"ఇప్పుడే మహారాజా. పని తెలిసినవాళ్ళు యాభై తొమ్మిది మంది ఒక్కసారే వీధిలో పడ్డారు. ఒప్పందం తీరినవాళ్ళు నలుగురు దొరికితే నాకు చాలు. మలుపు తిరిగేలోగా అందుకోవాలి."

"నీ దగ్గర ఎన్నింటికి లేవనిస్తావని అడుగుతారేమో?"

"మొదట అడిగేది అదే. మలుపు నూట ఇరవై అడుగుల దూరంలో ఉంది, అక్కడికి చేరేలోగా జవాబు ఆలోచించుకుంటాను," అంటూ కొమరన్న చెప్పులు చేతబట్టుకుని గడప దాటాడు.