డోలు ఎవరి కోసం?

ఒకానొక రాజుగారి కొట్టంలో వడ్లు దంచే పోలమ్మకి, దివాను నవ్వితే అనుమానం. ఆ దివాను ఓ పొద్దున నవ్వుతూ డోలు వాయించేవాణ్ణి తీసుకొచ్చాడు.

"పనోళ్లని సంతోషపెట్టమని రాజుగారి ఆజ్ఞ. మీకోసమే ఈ డోలు."

డోలు జోరెక్కేకొద్దీ రోకళ్లూ జోరెక్కాయి. మధ్యాహ్నానికి ఆడవాళ్ల భుజాలు పడిపోయాయి. పోలమ్మ రోకలి గోడకి ఆనించి కూర్చుంది. అందరూ కూర్చున్నారు.

"ఏమర్రా, దంచరా?" అరిచాడు దివాను.

"రోకళ్ల మోతలో డోలు వినపడలేదు బాబయ్యా. మాకోసమేగా, విననీయండి," అంది పోలమ్మ.

"దంచుతూ వినండి!"

"అయితే ఇది రోకళ్ల కోసమన్నమాట. సంతోషపెట్టమంది మమ్మల్నా, రోకళ్లనా? రాజుగారినే అడిగొస్తా."

దివాను గబగబా ఆమెకి అడ్డమొచ్చి, "వద్దులే, కూర్చునే వినండి" అన్నాడు. ఆ రోజు నుంచి డోలు మోగితే రోకళ్లు గోడకి చేరేవి. పోలమ్మ మాత్రం దివాను మళ్లీ ఎప్పుడు నవ్వుతాడా అని ఓ కన్నేసే ఉంచింది.