మూత కట్టింది నేనే

మా గుట్ట కింద బండి ఒక్కటే. లాగేది ఎద్దు తాత, తోలేది నక్క మామ. నక్క బండి ఎందుకెక్కారని అడక్కండి, దానికో కట్టుబాటు ఉంది: బండెక్కిన ప్రాణిని బండివాడు పంటితో ముట్టకూడదు. దారిలో దానంతటది చస్తే మాత్రం కళేబరం బండివాడిది. మొదటి మాట మా కుందేళ్ళందరికీ కంఠతా వచ్చు. రెండో మాట దగ్గర మేమెప్పుడూ ఆగలేదు.

ఆ వేసవిలో సంత మైదానంలో కుందేళ్ళ అందాల పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళ బొరియకి ఏడాదిపాటు కుక్కల కాపలా. అంతకు ముందు నెలలోనే మా పిల్లల్ని నలుగుర్ని ఎవరో ఎత్తుకెళ్ళారు. ఆ ఎవరో ఎవరో అందరికీ తెలుసు.

మా చెల్లెలి పేరు మంచు, పాలనురగలా తెల్లగా ఉండేది. గెలుపు దానిదే అనుకున్నాం. దానితోపాటు మా పెదనాన్న కొడుకులిద్దరు. ముగ్గురికీ బండి మీద ఒక బుట్ట. నేను బూడిదరంగు దాన్ని, బుట్ట పక్కన తోడుగా బయల్దేరాను.

"ఎండ ముదరకముందే పోదాం తల్లీ," అన్నాడు ఎద్దు తాత. "బుట్టలో గడ్డి పరుచు. గాలాడనీ. మధ్యమధ్య చెట్టు కింద ఆపుతా, నీళ్ళు పట్టు."

నక్క మామ పళ్ళు కనబడకుండా నవ్వాడు. "తాతా, నీకు కాడి సంగతి తెలుసు గానీ అందం సంగతేం తెలుసు? అంతా ఎర్రమట్టి దారి. చేరేసరికి మంచు నాకంటే ఎర్రగా తేలుతుంది. అమ్మాయ్, ఆ గోనెపట్టా కప్పి తాడు బిగించు. నేను చెయ్యేస్తే మళ్ళీ నక్క ముట్టిందంటారు!"

"అక్కా, ఉక్కపోస్తుందేమో," అంది మంచు.

"ఒక్కపూట ఓర్చుకోవే. మాసిన బొచ్చుతో వెళ్ళి పరువు తీస్తావా?"

తాడు నేనే ముడేశాను. రెండు ముళ్ళు.

నక్క మామ తలపాగా చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి, పొద్దు నడినెత్తికి వచ్చాక గానీ బండి కదలనివ్వలేదు. కొంత దూరం పోయాక బుట్టలోంచి టపటపా చప్పుడు. మేం అరిచే జాతి కాదు. ఆపదొస్తే వెనక కాలితో నేలను తన్నుతాం. మాకున్న కేక అదొక్కటే.

"మామా, కాళ్ళు కొడుతున్నారు."

"గెలుస్తామని గంతులే పిచ్చిదానా!"

నాకూ అలాగే అనిపించింది. కాదు, అనిపించుకున్నాను.

చప్పుడు పలచబడింది. ఆగిపోయింది.

"చూశావా, హాయిగా నిద్రపోయారు," అన్నాడు నక్క మామ, మూతి నాక్కుంటూ.

ఎద్దు తాత నిలబడిపోయాడు.

"నడు తాతా!"

"బుట్టలో అలికిడి లేదు. మూత తీస్తేనే నడుస్తా."

నా ముడి నాకే ఊడిరాలేదు. పళ్ళతో కొరికాను. అన్నలిద్దరూ నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నారు. మంచు చెవులు పొయ్యిమీద పెట్టినట్టు కాలుతున్నాయి. అది మాత్రం రొప్పడం లేదు. దాని బొచ్చు మీద ఒక్క దుమ్మురేణువు లేదు.

"అయ్యో పాపం," అని నక్క మామ కిందికి దిగాడు. "కట్టుబాటు కట్టుబాటే. నేను ముట్టలేదు, నువ్వే సాక్షి. ఇక ఇది బండివాడిది."

"బండివాడంటే ఎవడ్రా?" అన్నాడు ఎద్దు తాత.

"నేనే! ఇంకెవడు?"

"అయితే నడుపు." తాత మెడ విదిలించి కాడి కింద పడేశాడు. "బండి సంతకి చేరితేనే నువ్వు బండివాడివి. లాగు."

నక్క మామ కాడి కింద మెడ పెట్టాడు. చక్రం కదల్లేదు. మళ్ళీ లాగి చతికిలపడ్డాడు. సంత మైదానం వైపు నుంచి కుక్కల అరుపులు దగ్గరయ్యాయి. తలపాగా అక్కడే వదిలేసి తుప్పల్లోకి పరిగెత్తాడు.

తాత కొమ్ముతో దారి పక్కన గుంట తవ్వాడు. అన్నలకి నీళ్ళు పట్టాను. మంచుని నేనే దించాను. మట్టి వేస్తుంటే తెల్ల బొచ్చు ఎర్రబడింది. తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

పోటీకి వెళ్ళలేదు. మా బొరియకి కాపలా లేదు. ఆ దారిలో ఎవరి బుట్ట కనబడినా ఇప్పటికీ ఆపి తాడు కొరుకుతాను, తిట్టినా సరే.

నోరెత్తనివాళ్ళు హాయిగా ఉన్నారని ఎవరైనా చెబితే, ముందు మూత తీసి చూడండి.