కుంతల అప్పజెప్పిన పాఠం

"విభక్తులు రాకుండా వాళ్ళకు తెలుగు ఎలా వస్తుందండీ?" అని శేషాచలం పంతంగా అడిగాడు. ఇటుక బట్టీలో పనికి ఒరిస్సా నుంచి వచ్చిన ఆడవాళ్ళకు మాట నేర్పమని మా కామేశం మేష్టారు ఈ శిష్యుడికి అప్పగించి రెండు నెలలైంది. వాళ్ళు మంచినీళ్ళు కూడా అడగలేరు గాని, విభక్తి ప్రత్యయాలు మాత్రం పాటలా అప్పజెబుతారు.

మేష్టారి ముఖం ఎర్రబడింది. బి.పి. మాత్రలు తెచ్చుకోవాలి, తోడు రమ్మని అతన్ని ఆస్పత్రికి బయలుదేరదీశారు.

చీటీలు రాసే బల్ల ముందు కుంతల నిలబడి ఉంది. శేషాచలం శిష్యురాళ్ళలో అందరికంటె చురుకైనది. చంకలో గుడ్డ చుట్టిన కూతురు.

"ఏమైందే పిల్లకి?" అంది నర్సమ్మ తలెత్తకుండా.

కుంతల ఒరియాలో గబగబా ఏదో చెప్పింది.

"ఆ భాష నాకు రాదు. తెలుగులో ఏడు! చీటీలో ఏం రాయను?"

కుంతలకు వచ్చిన తెలుగు ఒక్కటే. కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. "డు, ము, వు, లు, ప్రథమా విభక్తి. నిన్, నున్, లన్..."

వరసలో వాళ్ళు గొల్లుమన్నారు. "పరీక్ష రాయడానికొచ్చినట్టుంది!" అన్నారెవరో. నవ్వేకొద్దీ ఆమె గొంతు పెంచింది. ఏడుస్తూనే, ఒక్కటీ వదలకుండా చివరిదాకా వచ్చింది. "ఓ, ఓయీ, ఓరీ, ఓసీ!"

"ఎవర్నే ఓసీ అంటున్నావు? పో అవతలికి!"

మేష్టారు జనాన్ని తోసుకుని వెళ్ళి గుడ్డ లాగారు. పిల్ల పాదం వాచిపోయి ఉంది, ఒళ్ళంతా చల్లటి చెమట. కుంతల వేలు కొక్కెంలా వంచి చూపించింది.

"తేలు! డాక్టర్ని పిలవండి!" ఆయన గొంతు అంత పెరగడం శేషాచలం ఎన్నడూ వినలేదట.

సాయంత్రానికి పిల్ల కళ్ళు తెరిచింది. ఆయా నేర్పిన మాటను కుంతల వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. "పిల్లకి తేలు కుట్టింది. పిల్లకి తేలు కుట్టింది." కాసేపటికి తనంతట తనే, ఎవరూ నేర్పకుండా, "పిల్లకి పాలు" అని అడిగింది.

వరండాలో శేషాచలం గొణిగాడు. "పాఠం మాత్రం తప్పు లేకుండా అప్పజెప్పిందండీ."

"లేదు. ఒక్క తప్పూ లేదు," అన్నారు మేష్టారు. "కుంతల ఇప్పుడు పాలడిగిన మాటలో ఏ విభక్తి ఉందో, లోపలికెళ్ళి ఆ పిల్ల కాలికి చెప్పిరా."