మేడలోంచి తొలి టపా

ఒక సంస్థానంలో పాత టపా కచేరీని పడగొట్టి మేడ కట్టడం మొదలుపెట్టారు. అది పూర్తయ్యేదాకా జనం ఉత్తరాలు ఆగిపోకూడదని ఎదురుగా తాటాకుల పాక వేసి, టపా మోసే నూకన్నను అందులో కూర్చోబెట్టారు. మూడేళ్లు ఊరి మంచీ చెడూ ఆ పాకలోంచే నడిచాయి.

మేడ లేచింది. అధికారి విరూపాక్షయ్య నూకన్నను పిలిచి, "ఇక ఆ పాక పీకెయ్. రాజావారు వేంచేసేసరికి ఆ దరిద్రం కంటపడకూడదు," అన్నాడు.

"చిత్తం. రాజావారికి ఆహ్వానం పంపారాండీ?"

"రాశాను. ఇదిగో, పట్టుకెళ్లు."

"అయ్యో! మేడ గొప్ప చెప్పే ఉత్తరం పాకలోంచి వెళితే ఏం బాగుంటుందండీ? తొలి టపా మేడలోంచే వెళ్లాలి. రాజావారి జవాబు రాగానే పాక నేనే పీకేస్తాను."

విరూపాక్షయ్య పొంగిపోయాడు. మేడలో ఏ ఉత్తరం కదలాలన్నా అయిదుగురు గుమాస్తాల ముద్రలు పడాలి. నాలుగో గుమాస్తాను ఇంకా వేయనేలేదు. పాక పోతే ఊరి ఉత్తరాలన్నీ ఆ ఖాళీ పీట దగ్గరే ఆగిపోతాయని నూకన్నకు తెలుసు.

రెండు నెలలైనా జవాబు రాలేదు. ఒక మిట్టమధ్యాహ్నం విరూపాక్షయ్య ఉత్తరీయం ముఖానికి అడ్డం పెట్టుకుని, వంగి పాకలోకి దూరాడు.

"ఇది తొందరగా రాజావారికి చేరాలి నూకన్నా."

"ఏం రాశారండీ?"

"మేడ బ్రహ్మాండంగా పనిచేస్తోందని."

నూకన్న ఉత్తరం అందుకుని కప్పు వంక చూశాడు. "అలాగేనండీ. వానలొస్తున్నాయి, పాకకు కొత్త ఆకు కప్పించాలి మరి."

మర్నాడు పొద్దున్నే రెండు బళ్ల తాటాకు వచ్చింది.