ఇరవయ్యో అడుగు

కాలు చచ్చుబడిన కుమ్మరి గురవప్ప దగ్గర, బండిని కోటలోకి తోలుకెళ్ళేందుకు అనుమతిగా ఇచ్చిన రాగిబిళ్ళ ఉంది. కొత్త అధికారి భూపతిరాయుడు చట్టం మార్చాడు. అలాంటివాళ్ళు ఇరవై అడుగులు నడవగలిగితే రాజుగారిచ్చే భరణమూ పోతుంది, బిళ్ళా పోతుంది.

పరీక్ష కోటలోని కచేరీలోనే. గురవప్ప పళ్ళు బిగబట్టి ఇరవయ్యో అడుగు వేసి, గుమ్మానికి అడ్డంగా కూలబడ్డాడు.

"నడిచావుగా! బిళ్ళ ఇటు తే."

ఇచ్చేశాడు. లేవలేదు.

ఇంతలో రాజుగారు వస్తున్నట్టు నగారా మోగింది. భూపతిరాయుడు ఎదురెళ్ళాలి. ఉన్నది ఒక్కటే గుమ్మం.

"లేవరా!"

"నా వల్ల కాదు దొరా. నన్ను దింపి కోట బయటికెళ్ళిన బండే మళ్ళీ రావాలి. బిళ్ళ లేందే బండిని రానివ్వరు."

"భటులారా, వీణ్ణి మోసుకెళ్ళి అవతల పడేయండి!"

"మోయించండి దొరా. నడవగలవాణ్ణి ఎందుకు మోయిస్తున్నావని రాజుగారు అడిగితే ఏం చెబుతారు?"

భటులు ఆగిపోయారు. నగారా దగ్గరపడింది. భూపతిరాయుడు వంగి, "నడవలేనివాణ్ణి మోయండిరా!" అంటూ బిళ్ళను తన చేత్తోనే గురవప్ప మెడలో కట్టాడు.