ఎద్దుల సముద్ర విహారం, నక్కగారి సలహా

ఉప్పుటేటి ఒడ్డున ఉప్పుమళ్ళున్న ఊరొకటి. ఆ మళ్ళకీ, ఏరు సముద్రంలో కలిసే మొగకీ నడుమ దట్టంగా మడ అడవి. అందుకని అక్కడి పశువులకి ఉప్పు రుచి తెలుసు, సముద్రం హోరు తెలుసు, సముద్రం మాత్రం తెలీదు. పొద్దస్తమానం చెవిలో హోరుమనేదాన్ని కళ్ళతో చూడలేకపోవడం ఎంత చిరాకో ఆ ఊరి ఎద్దుల్నే అడగాలి.

ఆ ఎద్దుల్లో పెద్దవాడు మైలయ్య. బుద్ధెరిగిన నాటినుంచీ ఉప్పు బండి లాగుతున్నాడు. కాడి రాసి రాసి మెడ మీద కాయ కాచింది. వానలు వెనకపట్టాక, మళ్ళలో కొత్త ఉప్పు పేరుకునేదాకా బండికి పనుండదు. ఏడాది మొత్తానికీ ఆ కాస్తే సెలవు. ఆ రోజుల్లోనే ఉప్పుటేటి రేవులో పశువుల కోసం విహార పడవలు తిరుగుతాయి. ఎక్కితే సముద్రం చూడొచ్చని అందరి నమ్మకం. ప్రతి ఏడూ "వచ్చే ఏడు వెళ్దాంలే" అనుకుంటూ మైలయ్య ముసలివాడైపోయాడు. ఈ ఏడు యజమాని అతని నోరు తెరిచి పళ్ళు చూసి, పెదవి విరిచి, "ఈ ఒక్క ఏడూ లాగితే గొప్పే. ఆ పైన సంతకి తోలేద్దాం" అన్నాడు. ఆ మాట అన్నది మనిషైనా విన్నది ఎద్దు. ఇప్పుడు సముద్రం చూడకపోతే మరింక చూడడు.

మరి ఒక్కడే పోవచ్చు కదా అంటారేమో. ఎలా పోతాడు? జతగాడు పుల్లన్న ఉన్నాడే! ఏళ్ళ తరబడి ఒకే కాడి కింద నడిచిన ఎద్దులకి పక్కన రెండో భుజం తగలకపోతే అడుగు పడదు. మేతకైనా నీళ్ళకైనా జంటగానే పోవాలి. ఆ పుల్లన్న మంచివాడే, బలమున్నవాడే. కానీ పుట్టినప్పట్నుంచీ ముల్లుకర్ర ఎటు పొడిస్తే అటు తిరిగినవాడు. అలాంటివాడి ముందు మూడు పడవలు పెట్టి "నీ ఇష్టం" అంటే ఏం చేస్తాడు? సరిగ్గా అదే చేశాడు.

రేవులో మూడు పడవలుండేవి. గూడబాతు గంగరాజుది 'తెల్లరెక్క', రెండంతస్తులది. నీటికుక్క నూకరాజుది 'జలకళ', రంగు రంగుల తోరణాలది. మూడోది సత్తెమ్మ అవ్వ తెప్ప. ఆవిడ సముద్రపు తాబేలు. దుంగలు కట్టిన తెప్పని ఆవిడా, ఆవిడ బలగమూ తాళ్ళేసి లాగుతారు. దానికి పేరూ లేదు, పైన కప్పూ లేదు.

ఈ మూడింటికీ ముందు, రేవు మెట్ల పక్కన, తాటాకు పందిరి కింద గుంటనక్క గురవయ్య కొలువుతీరి కూర్చునేవాడు. పందిట్లో పలక వేలాడుతుండేది: 'ఏ పడవ మంచిది? అడిగి తెలుసుకోండి. సలహా ఉచితం.'

ఉచితమంటే పుల్లన్నకి ఊరికే పోసిన తౌడు కింద లెక్క.

"అన్నా, అదృష్టమంటే మనదే. నక్క తోక తొక్కితే కలిసొస్తుందంటారు, మనకి నక్కే దొరికింది" అన్నాడు.

"ఒరేయ్, అడగడానికేముందిరా? మూడిట్లో ఏదో ఒకటి ఎక్కుదాం పద" అన్నాడు మైలయ్య.

"తొందరెందుకన్నా? ఎక్కాక బాగోలేదంటే మధ్యలో దిగుతామా?"

ఆ మాటా నిజమే. అక్కడే మైలయ్య మెత్తబడ్డాడు, అక్కడే చెడిపోయాడు.

గురవయ్య మీసం దువ్వుకుని, "రండి రండి. పోల్చకుండా పడవెక్కడమంటే నోరు చూడకుండా ఎద్దుని కొనడమే" అన్నాడు. ఎద్దుల దగ్గర ఆ పోలికేమిటని మైలయ్యకి చురుక్కుమంది. పుల్లన్న మాత్రం తల ఊపాడు.

"తెల్లరెక్కలో తిన్నంత మేత. పచ్చ జనుము, ఉలవల గుగ్గిళ్ళు. పడుకోడానికి మెత్తటి వరిగడ్డి."

"బాగుంది బాగుంది. అయితే అదేనన్నా!"

"ఆగండి. జలకళలో రోజూ సాయంత్రం కప్పల కచేరీ. ఒళ్ళు తోమడానికి కొంగలు. చెవుల్లో పిడుదులు ఏరి పెడతాయి."

"అబ్బ! పిడుదులు కూడానా? మరి తెల్లరెక్కలో తోమరా?"

"తోముతారు గానీ వీపు వరకే."

"అయ్యో! జలకళలో మేత?"

"మేతుంది గానీ గుగ్గిళ్ళు రోజు విడిచి రోజు."

పుల్లన్న కుదేలైపోయాడు. "అన్నా, రేపు ఆలోచించుకుని వద్దాం" అన్నాడు.

రేపొచ్చింది. పుల్లన్న రాత్రంతా ఆ మాటలే నెమరేశాడు. "గురవయ్యగారూ, వరిగడ్డి పాతదా, కొత్తదా?" అని అడిగాడు. మర్నాడు, కొంగలు ముక్కుతో తోముతాయా, కాళ్ళతోనా అని అడిగాడు. ఆ మర్నాడు, కచేరీలో ముందు వరసలో చోటుంటుందా అని. అడిగిన ప్రతిదానికీ గురవయ్య దగ్గర జవాబుంది. ప్రతి జవాబులోంచీ ఇంకో అనుమానం పుట్టేది. పోనీ ఎవరినైనా నలుగుర్ని కనుక్కుందామంటే వరసలో వెనక నిలబడ్డ మేక మంగమ్మ "మా చెల్లెలు వాళ్ళకి తెల్లరెక్క పడలేదట" అంది. దాని వెనక గాడిద "మా మేనమామకి జలకళ పడలేదట" అన్నాడు. ఎవరి చెల్లెలు ఏమందో, ఎవరి మేనమామకి ఎందుకు పడలేదో ఎవరికీ తెలీదు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకాలే అందరూ. అందులోనూ ఈ సామెత ఎద్దుల మీద ఎందుకు పుట్టిందా అని మైలయ్యకి ఎప్పట్నుంచో గుర్రుగా ఉండేది. పుల్లన్నని చూశాక అర్థమైంది.

"మరి ఆ తెప్ప సంగతేమిటి?" అని ఒకసారి మైలయ్యే అడిగాడు.

గురవయ్య నవ్వాడు. "అదా? దాన్ని పడవనరు బాబూ. కప్పు లేదు, కచేరీ లేదు, మేత మీరే తెచ్చుకోవాలి. పైగా తాబేటి నడక. మీలాంటి పెద్దలు ఎక్కేదేనా?"

"విన్నావా అన్నా, మేత మనమే తెచ్చుకోవాలట!" అన్నాడు పుల్లన్న, ఎవరో చచ్చిపోయారని కబురొచ్చినట్టు.

ఇలా సెలవులు కరిగిపోతున్నాయి. ఉప్పుమళ్ళలో నీళ్ళు చిక్కబడుతున్నాయి. మైలయ్య రోజూ రేవుకొచ్చేముందు ఆ మళ్ళకేసి చూసేవాడు. చూసినప్పుడల్లా గుండెలో రాయి పడేది.

"ఒరేయ్ పుల్లన్నా, మళ్ళు చూశావా?"

"చూశానన్నా. అది సరేగాని, పైఅంతస్తుకి మెట్లు ఎన్నుంటాయో అడగలేదు మనం. నీ మోకాళ్ళకి..."

"నా మోకాళ్ళు మోకాళ్ళలానే ఉన్నాయిరా! నా బుర్రే నీతో తిరిగి పుచ్చిపోయింది."

"నా మీద అరిస్తే ఎలా? నీ మంచికే కదా చూస్తున్నాను!"

అదీ అసలు బాధ. వాడు చెడ్డవాడైతే కొమ్ముతో కుమ్మి పారెయ్యొచ్చు. మంచికోసం చంపేవాణ్ణి ఏం చేస్తాం?

ఒకరోజు పొద్దున్నే మళ్ళ అంచుల్లో తెల్లటి పొర కనపడింది. దొడ్లో యజమాని బండి ఇరుసుకి ఆముదం రాస్తున్నాడు. అంటే రేపో మాపో కాడి మెడ మీద పడుతుంది. మైలయ్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది. పుల్లన్నని భుజంతో నెట్టుకుంటూ తిన్నగా రేవుకొచ్చాడు. వరసలో ఉన్న మేకనీ గాడిదనీ తప్పించి పందిరి ముందు నిలబడ్డాడు.

"గురవయ్యా! ఆఖరి మాట చెప్పు. మూడిట్లో ఏది మొదటిది?"

"తెల్లరెక్కే బాబూ. అందులో అనుమానమేముంది?"

"రెండోది?"

"జలకళ."

"మూడోది?"

"చెప్పానుగా. ఆ తెప్ప ఎక్కడం కంటే ఇంట్లో పడుకోవడం నయం."

"సరే. మా పశువుల్లో ఒక కట్టుబాటుంది. ఏరు దాటాల్సొస్తే, లోతు లేదు దిగండని చెప్పినవాడే ముందు దిగాలి. వాడి వెనకే మందంతా. నువ్వు ఇన్నాళ్ళూ మాకు దారి చెప్పావు. లే. ముందు నువ్వెక్కు."

గురవయ్య ఒక్క క్షణం తెల్లబోయాడు. వెనక వరసంతా చూస్తోంది. ఎక్కనంటే పందిరి పరువు పోతుంది. "ఓస్, ఇంతేనా!" అని లేచి, తోక ఝాడించి, గంతుల్లో తెల్లరెక్క ఎక్కేశాడు. పైఅంతస్తులో అటూ ఇటూ పచార్లు చేసి, "రండి, రాజభోగం!" అని కేకేశాడు.

"దిగు. ఇప్పుడు జలకళ" అన్నాడు మైలయ్య.

దిగి జలకళ ఎక్కాడు. తోరణాల కింద నిలబడి కాలు మీద కాలేసుకున్నాడు. "నేను చెప్పింది చెప్పినట్టుందా, లేదా?"

"ఉంది. దిగు. ఇప్పుడు తెప్ప."

గురవయ్య దిగాడు. తెప్ప వేపు రెండడుగులేసి ఆగిపోయాడు.

"ఏం?"

"అబ్బే... ఇవాళ ఏకాదశి. నేను తెప్పలెక్కను."

"ఏకాదశి పడవలకి అడ్డం రాలేదు, తెప్పకి వచ్చిందా?"

"దుంగలు జారతాయి బాబూ. నాకు నడుం నొప్పి."

"ఇందాక పైఅంతస్తుకి గెంతినప్పుడు లేని నడుం ఇప్పుడెక్కడిది?" అంది మేక మంగమ్మ వెనకనుంచి.

గురవయ్య వెనక్కి జరగబోయాడు. మైలయ్య కొమ్ములు వంచి, మెల్లగా, ఉప్పు బస్తాల బండిని తోసినట్టే తోశాడు. గురవయ్య ముందుకాళ్ళు దుంగకి తగిలాయో లేదో కెవ్వుమన్నాడు.

"వద్దయ్యా! నీకు దండం పెడతాను! అది మొగ దాటుతుంది! మొగ దాటాక కెరటాలు తాటిచెట్టంత లేస్తాయి. నాకు ఈత రాదు!"

మైలయ్య తోయడం ఆపాడు.

"మొగ దాటితే ఏముంది?" అన్నాడు మైలయ్య.

"ఏముంటుంది, సముద్రముంటుంది!"

"మరి తెల్లరెక్క?"

"అది అంత బరువు పడవ, మొగలో ఇసుకమేట ఎలా దాటుతుంది? మొగ దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుంది."

"జలకళ?"

"అదీ అంతే. ఉప్పుటేట్లోనే తిప్పుతారు."

పుల్లన్న నోరెళ్ళబెట్టాడు. "మరి ఇన్నాళ్ళూ మాకు చెప్పలేదేం గురవయ్యగారూ?"

గురవయ్యకీ ఒళ్ళు మండింది. "నువ్వడిగావా? గుగ్గిళ్ళడిగావు. గడ్డి పాతదా కొత్తదా అనడిగావు. కొంగ ముక్కా కాలా అనడిగావు. సముద్రం వస్తుందా అని ఒక్కనాడైనా అడిగావా?"

పుల్లన్న తల దించేసుకున్నాడు. నిజం నక్క చెప్పినా నిజమే కదా. మైలయ్యకి జతగాడి మీద జాలేసింది గాని, ఆ జాలి చూపించడానికి కూడా టైము లేదు.

తెప్ప పక్కన నీళ్ళలోంచి సత్తెమ్మ అవ్వ తల పైకెత్తింది. "గంగరాజు పొద్దుగూకేసరికి ఆ నక్క నోట్లో చేపలు జారవిడుస్తాడు. నూకరాజు పీతలు పెడతాడు. నేనేం పెట్టను నాయనా. నా దగ్గరున్నది దారే" అంది.

"ఆ దారే కావాలవ్వా. ఈ పూటే కావాలి" అన్నాడు మైలయ్య.

"ఎక్కండి మరి. మేత తెచ్చుకున్నారా?"

"లేదు."

"ఆకలేస్తుందే!"

"వెయ్యనీ!" అన్నారు రెండెద్దులూ ఒక్కసారే. పుల్లన్న తనంతట తాను ఒక మాట తేల్చి చెప్పడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

వెనకే మేక ఎక్కింది, గాడిద ఎక్కాడు. ఎవరి చెల్లెలు ఏమందో ఎవరూ తలుచుకోలేదు. తాళ్ళు బిగిశాయి. తెప్ప మడచెట్ల నీడలో మెల్లగా, మహా మెల్లగా సాగింది. పుల్లన్న రెండుసార్లు "ఇంత నెమ్మదా?" అనబోయి మైలయ్య మొహం చూసి మింగేశాడు. మొగ దగ్గర తెప్ప ఒక్క ఊపు ఊగింది. గాడిద దేవుణ్ణి తలుచుకున్నాడు. అంతలో చెట్లు వెనకబడిపోయాయి.

ముందు ఏమీ లేదు. గట్టు లేదు, మడి లేదు, బండిబాట లేదు. కనుచూపు మేరా నీళ్ళే. ఒక కెరటం ఎగిసి మైలయ్య మెడ మీది కాయని తడిపింది. ఉప్పుకి అది భగ్గుమంది. అతను మెడ తిప్పుకోలేదు.

"అన్నా, ఏడుస్తున్నావా?"

"ఉప్పురా. కళ్ళలో పడింది."

"చాలా ఆలస్యం చేశాను కదన్నా."

"చేశావు. ఇప్పుడు మాట్లాడి ఇది కూడా చెడగొట్టకు" అన్నాడు మైలయ్య. అంటూనే పక్కకి జరిగి, పుల్లన్న భుజానికి భుజం ఆనించాడు.

ఇక్కడ రేవులో గురవయ్య పని ఇంకోలా ఉంది. మొగ దాటని పడవలని నక్కే నోరారా చెప్పాక వాటి మొహం చూసేవాడు లేడు. గంగరాజూ నూకరాజూ చెరో పక్కా చేరి నక్కని పట్టుకున్నారు. "ఇన్నాళ్ళూ మా చేపలూ పీతలూ మెక్కావు. ఖాళీ పడవ చూస్తే ఎవరూ ఎక్కరు. జనం ఉన్నట్టు కనపడాలి. ఎక్కి కూర్చో!" అన్నారు. ఆ నాటినుంచీ గురవయ్య పొద్దుట తెల్లరెక్కలో, సాయంత్రం జలకళలో, ఉప్పుటేట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. ముందు ఎండుగడ్డి, వెనక కప్పల కచేరీ. ఒడ్డున పోయే పశువులు "ఎలా ఉందయ్యా రాజభోగం?" అని అడిగితే, పళ్ళు కొరుక్కుంటూ "బ్రహ్మాండం" అనాల్సి వస్తోంది.

నీతి: దేనికి బయల్దేరామో మరిచిపోయి ఎంచడం మొదలుపెడితే, ఎన్ని ఎంచినా ఎంచుకున్నది ఎదుటివాడి లాభాన్నే.