హబ్షీ దేశపు రాజుకు ఉత్తరం

తూర్పు సముద్రపు ఒడ్డున ఒకానొకప్పుడు కందిగిరి అనే రాజ్యం ఉండేది. పొద్దున్నే ఎడ్లబండి కట్టుకుని ఒక కొస నుంచి బయల్దేరితే భోజనాల వేళకు రెండో కొస వచ్చేసేది. ఎడ్లు ముసలివైతే కాస్త ఆలస్యమయ్యేది.

దాని ఏలిక రిపుమర్దన భూపతి. రాజ్యం చిన్నదైనా ఆయనకు ముప్పై రెండు బిరుదులుండేవి. ఉన్నది ఒక్క సముద్రమే అయినా 'త్రిసముద్రాధీశ్వర' అన్నది అందులో ఒకటి. 'సప్తద్వీప సర్వజ్ఞ' అన్నది ఇంకొకటి. ఆ సర్వజ్ఞుడు చింతగెడ్డ దాటి ఎరగడు. చింతగెడ్డ అంటే ఆ రాజ్యపు సరిహద్దు వాగు. దాని అవతల పొరుగు రాజు. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

ఈ బిరుదులన్నీ రోజూ పొద్దున్న కొలువులో గొంతెత్తి చదవడం తిప్పరాజు ఉద్యోగం. ఆయన భట్రాజు. తాతా, తండ్రీ కూడా అదే పని చేశారు. చదువుతున్నంతసేపూ రాజుగారు సింహాసనం ముందు నిలబడాలి, చివరి బిరుదు అయ్యాకే కూర్చోవాలి. మధ్యలో ఎవరూ ఆపకూడదు, రాజైనా సరే. పూర్వం ఒక రాజు ఆవలిస్తూ "ఇక చాలు" అన్నాడట, ఆ ఏడే ఉప్పెన వచ్చిందట. నా మటుకు నాకు ఆవలింతకూ ఉప్పెనకూ సంబంధం కనబడదు గాని, కొలువులో పెద్దలకు కనబడింది.

ఒకసారి పొరుగు రాజు చిరుతపులిని తెప్పించి పంజరంలో పెట్టాడని వార్త వచ్చింది. రిపుమర్దన భూపతికి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజున ఆస్థాన పండితుడు లింగావధాని ఉపాయం చెప్పాడు. ఈయన 'హబ్షీ దేశ వర్ణనం' అని మూడు వందల తాటాకుల గ్రంథం రాసి, రాజుగారి చేతుల మీదుగా ఎడమ కాలికి గండపెండేరం తొడిగించుకున్నవాడు. సముద్రంతో ఆయన పరిచయమల్లా రేవులో కాళ్ళు కడుక్కోవడమే.

"ప్రభూ, పడమటి సముద్రం అవతల హబ్షీ దేశం ఉంది. అంతా ఇసుక. ఒకే రాజు, ఒకే భాష, ఎటు చూసినా సింహాలు. ఆ రాజుకు ఒక ఉత్తరం రాసి సింహాన్ని తెప్పిస్తే, ఇక చిరుత మొహం చూసేవాడుండడు" అన్నాడు.

ఇవాళ మనం ఆఫ్రికా ఖండం అంటున్నదే అది. అప్పట్లో ఆ కొలువులో దాన్ని దేశమనే అనుకునేవారు.

రాజుగారి మొహం వికసించింది. పట్టుగుడ్డ మీద ఉత్తరం రాయించి, మోసుకెళ్ళడానికి బాకరీని పిలిపించారు. బాకరీ ఆ ఖండం నుంచి వచ్చిన ఓడ సరంగు. పదేళ్ళ కిందట కందిగిరి రేవులో దిగి, చేపలమ్మే నూకాలును పెళ్ళి చేసుకుని, అక్కడి బెస్తవాడలోనే స్థిరపడ్డాడు.

బాకరీ ఉత్తరాన్ని రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, వినయంగానే అడిగాడు. "ఏ రాజుకివ్వమంటారు బాబూ?"

"మీ రాజుకే" అన్నాడు లింగావధాని.

"మా రేవుకి ఒక రాజు. పక్క రేవుకి ఇంకో రాజు. నాకు తెలిసిన తీరంలోనే పాతికమంది ఉంటారు. లోపల ఎందరున్నారో నాకు తెల్దు. ఉత్తరం ఏ బాసలో రాశారు? మా ఊరి నుంచి రెండు రోజులు లోపలికి నడిస్తే నా మాట నాకే పనికిరాదు. సింహమంటారా, మాది సముద్రపొడ్డు, అక్కడ ఉండదు."

"ఇసుకలో సింహం లేకపోవడమేమిటి?"

"ఇసుక ఉత్తరాన ఉంది బాబూ, నెలల తరబడి నడిచినా అయిపోదు. మజ్జిన వాన ఎడతెగని అడవులు. సూర్యుడు నడినెత్తిన కాసే చోట ఒక కొండ ఉంది, దాని నెత్తిన మంచు. అవతలి ఒడ్డు కనపడని చెరువులున్నాయి. నేల మీద నిలబడి చెట్టు కొన మేసే జంతువు ఉంది, దాని మెడే ఒక నిలువు. చారల గుర్రముంది. ఎగరలేదు గాని గుర్రాన్ని మించి పరిగెత్తే పక్షి ఉంది. సానా పెద్ద సీమ బాబూ. నేను చూసింది గోరంత."

కొలువు గొల్లుమంది. లింగావధాని మాత్రం నవ్వలేదు. "ప్రభూ, ఎండ మండే చోట మంచట. ఎగరని పక్షట. వీడైనా అబద్ధమాడుతుండాలి, నా గ్రంథమైనా అబద్ధం కావాలి" అన్నాడు.

రాజుగారు క్షణం ఆలోచించారు. గ్రంథం అబద్ధమైతే, దానికి గండపెండేరం తొడిగిన సర్వజ్ఞుడి సంగతేమిటి? కాబట్టి అబద్ధమాడింది బాకరీయేనని తేలిపోయింది. నిండు కొలువులో అబద్ధమాడినవాడికి నాలుక కోత అని ఆ రాజ్యపు శాసనం.

ఆ రోజు మంగళవారం కావడం బాకరీ అదృష్టం. మంగళవారం గోళ్ళు కూడా తీయని ఊళ్ళో నాలుక ఎలా కోస్తారు? శిక్ష మర్నాటికి వాయిదా పడింది.

మధ్యాహ్నం నూకాలు చేపల బుట్ట చంకనే పెట్టుకుని తిప్పరాజు ఇంటికి వచ్చింది. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు అప్పటికే ఎండిపోయాయి.

"బాబూ, ఆడు అబద్ధమాడితే ఆ కోతేదో నేనే కోద్దును. నిన్నటి చేపని ఇయ్యాల్టి చేప అని అమ్మమంటే ఒప్పుకోడు. అలాంటోడు కొండ మీద మంచు గురించి కోతలు కోస్తాడా? తవరికి రాజుగారి దగ్గర మాట ఉంది."

"మాట ఉన్నమాట నిజమే తల్లీ. అవి ముప్పై రెండు మాటలు, వాటిలో నాది ఒక్కటీ లేదు" అన్నాడు తిప్పరాజు. అన్నాడే గాని, ఉత్తరీయం భుజాన వేసుకుని, బాకరీని ఉంచిన ఠాణాకు బయల్దేరాడు.

బాకరీ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. భయం కనపడనివ్వడం లేదు గాని, మాటిమాటికీ నాలుకతో పెదాలు తడుపుకుంటున్నాడు.

"పండితులవారి మీద నాకు కోపం లేదు బాబూ" అన్నాడు. "మా ఊళ్ళో కూడా అంతే. హిందూదేశమంటే మిరియాలు పండే ఒక ఊరనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఈ రేవులో దిగినప్పుడు మలబారులో నేర్చుకున్న మాటలతో నూకాల్ని పలకరించాను. ఏదో బూతు అన్నాననుకుని బుట్టతో నెత్తి మీద కొట్టింది."

తిప్పరాజు గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే ఏదో తట్టి లేచాడు. వెళ్ళేటప్పుడు, "ఇవాళ కడుపునిండా తిను బాకరీ. రేపు నాలుకతో పని ఉంది" అన్నాడు.

మర్నాడు కొలువు నిండింది. శిక్ష అమలు చేసే తలారి కత్తి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రాజుగారు వచ్చి సింహాసనం ముందు నిలబడ్డారు. తిప్పరాజు గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు.

"జయ భరతఖండపు రాజా! మంచుగడ్డల నడుమ కంబళి కప్పుకు వణికే మహాప్రభూ! ఇసుక తిన్నెలలో ఒంటెపాలు త్రాగు వీరాధివీరా! మలబారు మిరియపు తోటల మాలీ! ఢిల్లీ కోటలో పారసీకమున మాట్లాడు పాదుషా!"

రాజుగారు ఉలిక్కిపడ్డారు. నోరు తెరిచారు. ఉప్పెన గుర్తొచ్చి మూసుకున్నారు. తిప్పరాజు ఆగలేదు, ముప్పై రెండూ ఇదే వరసలో చదివాడు. రాజుగారి మొహం ఎర్రబడింది, తరవాత నల్లబడింది, కాళ్ళు పీకాయి. చివరి బిరుదు దగ్గర తిప్పరాజు మరింత గొంతెత్తాడు. "చింతగెడ్డ అవతల కూర్చుని, పులుసులో బెల్లం కలుపుకు భుజించు పుణ్యమూర్తీ!"

రాజుగారు కూలబడ్డారు.

"తిప్పరాజూ, నీకు మతి పోయిందా? మంచులో వణికేవాణ్ణా నేను? ఒంటెను కళ్ళతో చూసినవాణ్ణి కాను."

"భరతఖండంలో మంచు లేదా ప్రభూ?"

"హిమాలయాల్లో ఉంది. ఇక్కడికి వందల ఆమడల దూరం."

"ఒంటెలు?"

"అవి మార్వాడు ఇసుకలో."

"అన్నీ ఒకే ఖండంలోవే కదా. లింగావధానిగారి గ్రంథం ప్రకారం ఎంత పెద్ద సీమకైనా ఒక రాజు, ఒక భాష సరిపోతాయి. అదే పద్ధతిలో ఉన్నవన్నీ ప్రభువులకే కట్టబెట్టాను."

"అంత పెద్ద ఖండమన్నాక ఒక చోట మంచూ ఒక చోట ఎండా ఉండవా? నలభైమంది రాజులుండరా? ఈ మాత్రం పసివాడికైనా తెలుసు. అది పోనీ, ఆ బెల్లం పులుసేమిటి? అది గెడ్డ అవతలివాళ్ళ తిండి."

"గెడ్డ మోకాలి లోతు లేదు ప్రభూ. ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ తేడా ఏముంటుందని?"

ఈ మాట రాజుగారి ఒంటికి కారం రాసినట్టయింది. ఆయన లేచి నిలబడి చెప్పడం మొదలుపెట్టారు. అవతలివాళ్ళు మాట సాగదీస్తారు. తలపాగా ఎడమకు చుడతారు. వంకాయను నిలువునా కోస్తారు. వాళ్ళ ఆవులు కూడా వేరుగా అరుస్తాయి. వాళ్ళనూ తననూ ఒక్క మాటలో చెప్పినవాడు గుడ్డివాడైనా కావాలి, అబద్ధాలకోరైనా కావాలి. ఇలా అరగంట చెప్పి, రొప్పుతూ ఆగారు.

తిప్పరాజు చేతులు జోడించాడు. "మోకాలి లోతు గెడ్డకే ఇంత తేడా. నిన్న బాకరీ అవతలి ఒడ్డు కనపడని చెరువులున్న సీమ గురించి ఈ మాటే అన్నాడు. అది నాలుక కోయాల్సిన నేరమని ప్రభువులే తీర్పిచ్చారు. ఇవాళ అదే మాట కొలువులో రెండోసారి వినబడింది. పాపం, తలారికి ఎవరి వైపు నడవాలో తెలియడం లేదు."

తలారి నిజంగానే తికమకగా చూస్తున్నాడు. రాజుగారు అతని చేతిలోని కత్తిని చూశారు, లింగావధాని ఎడమ కాలిని చూశారు, చివరికి తిప్పరాజును చూశారు. అప్పుడు రాజుగారి పొట్ట ముందుగా కదిలింది, ఆ తరవాత నవ్వు బయటికి వచ్చింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"బాకరీని తీసుకురండి" అన్నారు.

బాకరీ వచ్చి నిలబడ్డాడు. రాజుగారు పట్టుగుడ్డ ఉత్తరాన్ని తామే మడతపెట్టి, తగ్గు గొంతుతో అడిగారు. "ఇది ఏ రాజుకు రాయాలి?"

"నేనూ అదే అడిగాను బాబూ" అన్నాడు బాకరీ.

ఆయన మళ్ళీ నవ్వారు. సింహాలున్న సీమ ఏదో, దాని రాజు ఎవరో కనుక్కు రమ్మని బాకరీని పంపారు. వెంట లింగావధానిని కూడా ఓడ ఎక్కించారు. తిప్పరాజుకు జరీ శాలువా కప్పి, ఇంకేం కావాలో కోరుకోమన్నారు.

"ముప్పై రెండు చదివేసరికి గొంతు పోతోంది ప్రభూ. ఒక్కటి తగ్గించండి చాలు."

రాజుగారు కాసేపు గడ్డం నిమురుకుని, 'సప్తద్వీప సర్వజ్ఞ'ను కొట్టేయమన్నారు. సర్వజ్ఞుణ్ణి కానని ఒప్పుకుని ఆ రోజు సంపాదించుకున్నదే ఆయనకున్న వాటిలో అసలైన బిరుదని నా అభిప్రాయం.

మూడేళ్ళకు బాకరీతో సహా ఓడ తిరిగొచ్చింది. సింహం రాలేదు. పొరుగు రాజు చిరుత ఈలోగా ముసలిదై చచ్చిపోయింది గనక ఎవరూ అడగలేదు కూడా. ఎండకు నల్లబడి, సగం చిక్కిపోయిన లింగావధాని కొత్త గ్రంథం సమర్పించాడు. అది ఒకే ఒక్క తాటాకు. రాజుగారు తామే పైకి చదివారు.

"నేను చూసినది ఒక రేవు, దాని వెనక రెండు ఊళ్ళు, చెట్ల మీదుగా దూరాన ఒక మెడ. మిగిలినది నాకు తెలియదు."

రాజుగారు పకపకా నవ్వి, సింహాసనం దిగి వచ్చి, ఆ పండితుడి కుడి కాలికి రెండో గండపెండేరం తొడిగారు.